పెన్ను అప్‌డేట్ అవుతోంది, కాసేపు ఆగండి

మామూలు బాల్‌పెన్నులో ఒక ఘోరమైన లోపం ఉంది, దాని గురించి ఎవరూ నోరు విప్పరు. క్యాప్ తీశాక రాయడం తప్ప దాంతో చేసే పని ఇంకోటి ఉండదు. కాగితం ఎదురుగా ఉంది, పెన్ను చేతిలో ఉంది, అయినా పేజీ ఖాళీగా ఉందంటే తప్పు ఎవరిదో ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. ఇంత అవమానాన్ని మనుషులు ఇన్నాళ్ళు ఎలా భరించారో!

అందుకే నేను స్మార్ట్ పెన్ను కొన్నాను.

దీని మొన పక్కనే ఒక బుల్లి కెమెరా ఉంటుంది. దీనికోసం అచ్చేసిన ప్రత్యేకమైన నోట్‌బుక్కులో పేజీ నిండా కంటికి ఆనీ ఆనని చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల దూరం. వరుసలో ఉన్నట్టే కనిపిస్తాయి గానీ ఒక్కో చుక్కా ఉండాల్సిన చోటు నుంచి వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంటుంది. ఆ జరిగిన తీరుని కెమెరాతో చూసుకుని, తాను ఏ పేజీలో ఏ మూల ఉందో పెన్ను కనిపెట్టేస్తుంది. వెటకారం కాదు, నిజంగా గొప్ప బుర్ర. తానెక్కడుందో పెన్నుకి ప్రతి క్షణం తెలుసు. ఏం రాయాలో తెలియనిది నాకొక్కడికే.

మొదటి రోజు రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను. ముందు చార్జింగ్. తర్వాత యాప్. యాప్‌కి అకౌంట్, అకౌంట్‌కి పాస్‌వర్డ్, అందులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక పిచ్చి గుర్తు. తర్వాత బ్లూటూత్‌లో వెతికితే నా పెన్ను కనపడదు, పక్కింటి వాళ్ళ టీవీ కనపడుతుంది. చివరికి రెండూ కలిశాయనుకునేసరికి పెన్నుకి అప్‌డేట్ వచ్చింది, 63 శాతం దగ్గర ఆగింది, మొన దగ్గర ఎర్రలైటు వెలిగి ఆరుతూ నన్నే చూస్తోంది. పదకొండున్నర అయింది. ఒక్క ముక్క రాయలేదు. కానీ మధ్యలో మా ఆవిడ తొంగి చూసి ‘ఏం చేస్తున్నారు?’ అంటే ‘రాసుకునే పనిలో ఉన్నా, డిస్టర్బ్ చేయకు’ అని తలెత్తకుండా చెప్పగలిగాను చూశారూ, ఆ ధైర్యం బాల్‌పెన్ను ఏనాడైనా ఇచ్చిందా?

మర్నాడు రాశాను కూడా. చేతిరాతని చదివి టైపు అక్షరాలుగా మారుస్తుందట కదా, పరీక్షగా ఇంటికి కావలసిన వాటి జాబితా రాశాను: పాలు, బల్బు, కరెంటు బిల్లు. ఫోన్‌లో వచ్చింది: పులి, బల్లి, కరెంటు బిల్లు. కట్టాల్సిన దాన్ని మాత్రం తప్పు చదవలేదు.

ఈ మాట ఎవరికైనా చెబితే చాలు, వెంటనే ఆ అంతరిక్షం కథ ఎత్తుకుంటారు. సున్నా గురుత్వాకర్షణలో రాసే పెన్ను కోసం నాసా కోట్లు తగలేసిందట, రష్యావాళ్ళు పెన్సిల్ వాడుకున్నారట. ఈ కథ అబద్ధం అని చెప్పడం నా లాంటి పెన్నుల అభిమానికి ధర్మం. నాసా వాళ్ళూ మొదట్లో పెన్సిళ్ళే వాడారు. విరిగిన ములుకు, రాలిన పొడి గాల్లో తేలుతూ పోయి పరికరాల్లో దూరితే ప్రమాదం, ఎందుకంటే గ్రాఫైట్ గుండా కరెంటు పారుతుంది. ఆ పెన్నుని పాల్ ఫిషర్ అనే ఆయన సొంత డబ్బుతో తయారుచేశాడు. రీఫిల్‌లో నైట్రోజన్ కుక్కి ఉంటుంది, అదే ఇంకుని ముందుకి నెడుతుంది. నాసా ఓ 400 కొనుక్కుంది, 1968లో అపోలో 7లో అవి పైకి వెళ్ళాయి, ఆ తర్వాత సోవియట్ వాళ్ళు కూడా ఓ వంద కొనుక్కున్నారు. కాబట్టి నేనూ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. వాళ్ళు చంద్రుడి దారి పట్టారు, నేను మంచం మీద వెల్లకిలా పడుకుని రాస్తాను, భౌతికశాస్త్రం లెక్కన ఇంకుకి ఉన్న ఇబ్బంది ఇద్దరి దగ్గరా ఒకటే.

అసలు అక్కర్లేని గొప్ప చూపించి పెన్ను అమ్మడం కొత్తేమీ కాదు. గుండు తిరిగే పెన్నుకి 1888లోనే జాన్ లౌడ్ పేటెంట్ తీసుకున్నాడు, తోలు మీద గీతలు గీయడానికి. అది కాగితం మీద పనికొచ్చేలా కావడానికి 50 ఏళ్ళు పట్టింది: ఇంకు పల్చనైతే కారుతుంది, చిక్కనైతే గడ్డకడుతుంది. లాస్లో బిరో అనే హంగరీ విలేకరి పత్రికల ఇంకు త్వరగా ఆరడం చూసి తంటాలు పడి 1938లో పేటెంట్ తెచ్చుకున్నాడు. అంత కష్టపడ్డ వస్తువు 1945 అక్టోబర్‌లో న్యూయార్క్ దుకాణంలోకి వచ్చినప్పుడు ఏమని చాటింపు వేశారంటే, నీళ్ళలో మునిగి కూడా రాయొచ్చట! ధర పన్నెండున్నర డాలర్లు, మొదటి రోజే వేలల్లో అమ్ముడైంది. నీళ్ళలో మునిగినవాడికి రాసుకునేంత తీరిక ఎక్కడిదని కొన్నవాళ్ళలో ఎంతమంది అడిగి ఉంటారు? నేనైనా అడిగేవాణ్ణి కాదు, ముందు కొనేసేవాణ్ణి.

ఇక రుద్దితే చెరిగిపోయే ఇంకు పెన్ను సంగతి. వెనక ఉన్న రబ్బరుతో రుద్దితే పుట్టే వేడికి, అంటే 60 డిగ్రీలు దాటగానే, ఆ ఇంకు రంగు కోల్పోతుంది. నాకు ఈ సూత్రం బాగా తెలుసు, ఎదుటివాళ్ళకి వివరించేవాణ్ణి కూడా. అయినా ఏడాదికి సరిపడా నా రాత ప్రణాళిక అంతా దాంతోనే రాసి, పదిలంగా ఉండాలని లామినేషన్ మెషీన్‌లో పెట్టాను. ఇటు నుంచి నా ఏడాది వెళ్ళింది, అటు నుంచి నున్నగా, తళతళలాడుతూ తెల్ల కాగితం వచ్చింది. గడ్డకట్టే చలిలో పెడితే రంగు తిరిగొస్తుందని ఫ్రీజర్‌లో ఐస్ ట్రే పక్కన రాత్రంతా ఉంచాను. జనవరి నుంచి మార్చి దాకా లీలగా కనిపించింది. మిగతా నెలలు రాలేదు, రాకపోయినా నష్టం లేదు లెండి, వాటిలోనూ ‘రోజూ రాయాలి’ అనే ఉంది.

నా దగ్గర ఇంకో పెన్ను ఉంది: నెత్తిన టార్చి, ఒంటి మీద స్కేలు, నడుముకి రసమట్టం, తోక విప్పితే స్క్రూడ్రైవర్. ఆ రసమట్టం పెట్టి చూస్తే టేబుల్ ఒకవైపు వాలి ఉందని తేలింది. ఇక వాలిన టేబుల్ మీద ఎలా రాస్తాం? పెన్సిల్ కొసన రబ్బరు అతికించినందుకు 1858లో ఇచ్చిన పేటెంట్‌ని, ఉన్న రెండు వస్తువులని కలిపినంత మాత్రాన కొత్త వస్తువు అయిపోదని 1875లో అమెరికా సుప్రీం కోర్టు కొట్టేసింది. ఆ జడ్జీలు నా పెన్ను చూడలేదు, చూసుంటే తీర్పు ఇవ్వడం మానేసి టార్చి వేసి ఆర్పుతూ కూర్చునేవాళ్ళు.

టేబుల్ సర్దుడు అన్నిటికన్నా పెద్ద వ్రతం. పద్నాలుగు గదుల ఆర్గనైజర్, దాని నెత్తిన ఫోన్ చార్జింగ్ పలక, గది వెలుతురుని బట్టి తనంతట తనే తగ్గే దీపం, వైర్లు పట్టుకునే క్లిప్పులు. ప్రతి గదికీ లేబుల్ మెషీన్‌తో పేరు కొట్టి అంటించాను: క్లిప్పులు, కేబుళ్ళు, లేబుళ్ళు, లేబుల్ మెషీన్, పూర్తయిన వ్యాసాలు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మా ఆవిడ ఆ చివరి గది చూసి అంది. ఆ పేరు తీసేసి ‘సోమలింగం’ అని కొత్త లేబుల్ కొట్టాను, మెషీన్ బాగానే పనిచేస్తోంది.

నిన్న పార్సిల్ ఇచ్చే అబ్బాయి వచ్చి కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. స్మార్ట్ పెన్ను చార్జింగ్‌లో ఉంది, చెరిగే పెన్నుతో సంతకం కుదరదు, టార్చి పెన్ను వెలిగింది గానీ రాయలేదు. అబ్బాయి కాసేపు చూసి, ‘ఇదిగోండి సార్’ అని జేబులోంచి తన పెన్ను తీసిచ్చాడు. క్యాప్ కొన నమిలి నమిలి చదునైపోయింది. సంతకం పెట్టాను, అతను వెళ్ళిపోయాడు, తలుపేసి వచ్చి చూసుకుంటే ఆ పెన్ను నా జేబులోనే ఉంది. కిందకి పరుగెత్తాను గానీ అప్పటికే బండి మలుపు తిరిగింది.

పొద్దుటి నుంచి దాన్ని ఆర్గనైజర్‌లో పెడదామని చూస్తున్నాను. దానికి తగ్గ లేబుల్ దొరకడం లేదు.