మాన్యువల్ చదివితే సమాజం ఏమైపోవాలి?

చిన్న కారుకి ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలన్న ప్రశ్న మీద తెలుగునాట మేధోమథనం సజావుగా సాగుతుండగా, కార్ల కంపెనీలు చేస్తున్న ఒక పాడుపనిని ఖండించక తప్పడం లేదు. కారు కొన్న ప్రతివాడి చేతిలో ఒక పుస్తకం పెడుతున్నారు. ఓనర్స్ మాన్యువల్ అంటారట. అందులో ఎక్కడో ఒక మూల చిన్న పట్టిక ఉంటుంది: ఈ ఇంజిన్‌కి ఫలానా గ్రేడు (ఎంత పలచన, ఎంత చిక్కన అని చెప్పే అంకెలు), ఫలానా ప్రమాణం, ఇన్ని లీటర్లు. అంతే. వాదనకి చోటు లేదు, పెద్దల అనుభవానికి మర్యాద లేదు.

అదృష్టం కొద్దీ మన ప్రజలు విజ్ఞులు. ఆ పుస్తకాన్ని కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో పెట్టి, దాని మీద ఇన్సూరెన్స్ కాగితాలు, పొల్యూషన్ సర్టిఫికెట్, కొత్త బండికి పూజ చేయించినప్పటి కుంకుమ పొట్లం పేర్చి భద్రంగా పాతిపెడతారు. బండి అమ్మేటప్పుడు కొన్నవాడికి అదే కవరుతో అప్పగిస్తారు. ఇంత చక్కటి సంప్రదాయానికి ఇప్పుడు ముప్పొచ్చింది. కొందరు కుర్రాళ్ళు ఆ కవరు విప్పుతున్నారని వినికిడి.

ఆ పట్టిక చూసుకుని అందరూ నేరుగా వెళ్ళి ఆయిల్ కొనేస్తే తోడల్లుళ్ళు ఏం మాట్లాడుకోవాలి? పండక్కి అత్తారింట్లో భోజనాలయ్యాక వసారాలో కుర్చీలు వేసుకుంటారు. రాజకీయాలెత్తితే గొడవ, పొలం సంగతెత్తితే ఇంకా పెద్ద గొడవ. మిగిలింది కార్లే.

"మీ బండికి ఏం పోయిస్తున్నావు తమ్ముడూ?" అంటాడు పెద్దల్లుడు.

"0డబ్ల్యూ-20 అన్నయ్యా."

"సున్నానా? సున్నా అంటే ఇంక అందులో ఏముంటుందయ్యా!"

ఇక మామగారు అందుకుంటారు. అంబాసిడర్ రోజుల్లో తాము 20డబ్ల్యూ-40 వాడేవాళ్ళమనీ, గరాటులోంచి దిగడానికే పావుగంట పట్టేదనీ, అదీ ఆయిలంటే అనీ సెలవిస్తారు. సాయంత్రం టీలు వచ్చేదాకా కుటుంబం మొత్తం ఐకమత్యంగా ఉంటుంది. చిన్నల్లుడు గనక మాన్యువల్ తెచ్చి పేజీ తీసి చూపించాడనుకోండి, చర్చ రెండు నిమిషాల్లో ముగుస్తుంది. మిగతా సాయంత్రమంతా పొలం గురించే.

ఈ విషయంలో మన జాతి సిద్ధాంతం ఒక్కటే: చిక్కగా ఉండాలి. పాలైనా, మజ్జిగైనా, పప్పైనా పలచగా ఉంటే ఎవడో నీళ్ళు కలిపాడని అర్థం. ఆయిల్‌కి మాత్రం వేరే న్యాయం ఎందుకుండాలి? అందుకే మన మెకానిక్ కొత్త ఆయిల్‌ని రెండు వేళ్ళ మధ్య రుద్ది, పెదవి విరిచి, "మన ఎండలకి ఈ నీళ్ళ ఆయిల్ ఆగదు సార్" అంటాడు. రెంటచింతల ఎండలు తెలిసినవాడు ఎవడైనా దీన్ని కాదనగలడా?

ప్రయోగశాలల వాళ్ళు కాదంటారు. వాళ్ళ లెక్క ఎంత విడ్డూరమో చూడండి. ఆయిల్ చిక్కదనాన్ని వాళ్ళు ముఖ్యంగా రెండు వేడిమిల దగ్గర కొలుస్తారు: ఒకటి 40 డిగ్రీలు, రెండోది 100. మనకి వడదెబ్బ తగిలే 40 వాళ్ళ పట్టికలో చల్లటి వైపు! ఇంజిన్ వేడెక్కాక లోపలి ఆయిల్ సుమారు 90 నుంచి 110 డిగ్రీల్లో పనిచేస్తుంది. బయట మే నెలైనా డిసెంబరైనా థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి ఇంజిన్ వేడిని పెద్దగా మారనివ్వవు. అంటే మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో నిలబడి చెమటలు కక్కుతున్న కారు, దాని ఇంజిన్ దృష్టిలో ఇంకా చలిలోనే ఉంది. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత పలచగా ఉండాలో, 40 దగ్గర దానికి ఆరింతలు చిక్కగా ఉంటుంది. తాళం తిప్పిన మొదటి క్షణాల్లో ఆ చిక్కటి ఆయిల్ పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా ఎక్కాలి. ఎక్కేలోపే అరుగుదల ఎక్కువట. ఇలాంటి మాటలు చెబితే ఎండని అవమానించినట్టు కాదా?

డబ్ల్యూ ముందున్న అంకె చలిలో కదలికకి, వెనకున్నది వేడిలో చిక్కదనానికి. 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 దగ్గర ఇంజిన్ తిరుగుతుందా లేదా అని పరీక్షిస్తారు. మన లంబసింగిలో పాదరసం సున్నా దాకా దిగిందంటేనే విశాఖ నుంచి కార్లు బారులు తీరతాయి. కాబట్టి మనకి సున్నా అక్కర్లేదని పెద్దల్లుడు తేల్చేశాడు. ఆయనే వెనకున్న అంకె సంగతి వచ్చేసరికి, ఎంత పెద్దదైతే అంత మంచిదని 50 దాకా వెళతాడు. అక్కర్లేనిది వద్దన్నది ముందు అంకెకి సూత్రం, ఎంతుంటే అంత మంచిదన్నది వెనక అంకెకి. పరస్పరం పొసగని సూత్రాలు రెండు ఒకే బుర్రలో ఇంత హాయిగా కాపురం చేయడం నేను ఎన్నికల మేనిఫెస్టోల్లో తప్ప చూడలేదు.

ఇంకో వర్గం ఉంది, కాస్త చదువుకున్న వర్గం. పలచటి ఆయిల్ వెనక కుట్ర ఉందంటుంది. నవ్వి తోసేయకండి, కొంత నిజమే. మన దేశంలో కార్ల సగటు ఇంధన వాడకం మీద కేఫ్ నిబంధనలు 2017లో మొదలై 2022లో ఇంకా బిగిశాయి. పలచటి ఆయిల్‌తో రాపిడి తగ్గి మైలేజీ కాస్త పెరుగుతుంది కాబట్టి కంపెనీలకి అది ముద్దు. కొన్ని చిన్న పెట్రోలు కార్లకి 0డబ్ల్యూ-16 దాకా వచ్చేశారు. కానీ కుట్రదారులు అక్కడితో ఆగలేదు. ఆ ఆయిల్‌కి తగ్గట్టే బేరింగుల్లోని సందులు, ఆయిల్ పంపు, ఆయిల్ ప్రెషర్‌తో వాల్వుల టైమింగ్ మార్చే యంత్రాంగం కూడా రూపొందించేశారు. ఇంత పకడ్బందీగా చేసిన కుట్రని 20డబ్ల్యూ-50 పోసి భగ్నం చేయడమే దేశభక్తి అని ఈ వర్గం నమ్మకం.

అసలు రహస్యం ఇంకోటుంది. ఇంజిన్ మహా ఓర్పుగల జీవి. ఒక గ్రేడు అటూ ఇటూ అయినా వెంటనే ఏమీ అనదు. చాలా మాన్యువల్స్‌లోనే మొదటి గ్రేడు దొరక్కపోతే ఫలానాది పోయొచ్చని రాసి ఉంటుంది. అందుకే మన సలహాదారులందరూ ఏకకాలంలో కరెక్టు. మెకానిక్ చెప్పింది పోసినవాడి బండీ నడుస్తుంది, బావమరిది చెప్పింది పోసినవాడి బండీ నడుస్తుంది. "చూశావా, నేను చెప్పలా!" అని ఇద్దరూ అంటారు. లక్ష కిలోమీటర్లు దాటాక బండి పొగ వదిలితే అది పెట్రోలు బంకు వాడి కల్తీ.

ఇక డబ్బా మీది అక్షరాలు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్రోలు ఇంజిన్ల ఆయిళ్ళకి ఎస్ అక్షరంతో తరగతులు పెట్టింది. ఎస్‌ఎల్ 2001ది, ఎస్‌ఎన్ 2010ది, ఎస్‌పీ 2020ది, ఎస్‌క్యూ 2025ది. చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్లలో తక్కువ వేగం దగ్గర మిశ్రమం వేళకి ముందే మండి పిస్టన్లు దెబ్బతినే జబ్బు ఒకటి బయటపడింది. ఎస్‌పీలో దానికీ, టైమింగ్ చైన్ అరుగుదలకీ పరీక్షలు చేర్చారు. మన షాపులో ఎస్‌ఎల్ డబ్బా దుమ్ము దులిపి ఇస్తూ, "ఇది పాత స్టాకు సార్, అప్పటి క్వాలిటీ ఇప్పుడు రాదు" అంటారు. పాత బియ్యం తినే మనకి ఇంతకన్నా ఏం కావాలి.

ఫుల్లీ సింథటిక్ అన్న మాట ముందు మాత్రం అందరం చేతులు కట్టుకుని నిలబడతాం. భూమిలోంచి తీసిన ముడిచమురునే బాగా శుద్ధి చేసి, అణువుల రూపం మార్చి అమ్మితే దాన్ని సింథటిక్ అనొచ్చా అని అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు తగాదా పడ్డాయి. 1999లో ప్రకటనల బాగోగులు చూసే సంస్థ ఒకటి అనొచ్చంది. శాస్త్రవేత్తలు తేల్చాల్సింది ప్రకటనల వాళ్ళు తేల్చారు. ఆ ఆయిల్ మంచిదే, పని బాగానే చేస్తుంది. కానీ ఆ మాటకున్న దివ్యతేజస్సు ఎక్కడిదో తెలిస్తే భక్తి తగ్గే ప్రమాదముంది, అందుకని ఎవరికీ చెప్పకండి.

మార్చే గడువు దగ్గర మాన్యువల్ పక్షపాతం మరీ బయటపడుతుంది. పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని చాలా చిన్న కార్లకి రాస్తారు. రిటైరైన మాస్టారు కారులో రోజూ కూరగాయల బజారు దాకా వెళ్ళొస్తారు. ఏడాదికి రెండు వేలు కూడా తిరగదు. "నడవని బండిలో ఆయిల్ ఎలా పాడవుతుందయ్యా?" అని వారి ప్రశ్న. ఆ కాస్త దూరానికి ఇంజిన్ సరిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోవు, నడవకపోవడమే దానికి రోగం అని చెబితే, నడక మంచిదని తమకే డాక్టరు చెప్పినా వినని పెద్దమనిషి, కారు విషయంలో వింటారా? వారి పక్కింటాయన మరో తీరు. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి నల్లగా ఉందని మూడు వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్పిస్తాడు. మసిని తనలో కలుపుకుని నల్లబడటం ఆయిల్ ఉద్యోగం అంటే ఒప్పుకోడు.

సర్వీస్ సెంటర్‌లో అడ్వైజర్ టై సర్దుకుని ఇంజిన్ ఫ్లష్, ఆయిల్ ట్రీట్‌మెంట్, డీకార్బనైజింగ్ అని మూడు వరుసలు బిల్లులో చేరుస్తాడు. మాన్యువల్ సర్వీస్ పట్టికలో మామూలుగా ఈ పేర్లు కనపడవు. ఆ పుస్తకం ఎంత అసంపూర్ణమో దీన్నిబట్టే తెలియడం లేదూ? పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు కింద కొత్త వాషర్ వేశారా అని అడిగితే మాత్రం ఆయన ముఖం చిన్నబోతుంది. అంత చవక వస్తువు గురించి అడగడం మర్యాద కాదు. ఖాళీ డబ్బా ఇవ్వమనడం అంతకన్నా అమర్యాద. మూత చెడకుండా ఉన్న బ్రాండు డబ్బాలో మళ్ళీ ఏదో ఒకటి నింపి అమ్మే పరిశ్రమ ఒకటి ఉంది. మీరు ఆ డబ్బాకి కన్నం పెడితే ఎందరి పొట్ట కొట్టినట్టు? పాత ఆయిల్ సంగతి ఎలాగూ అడగం. అది ప్రమాదకర వ్యర్థమని 2016 నిబంధనలు చెబుతాయి. మనవాళ్ళు శ్లాబు సెంట్రింగ్ రేకులకి, చెదలు పట్టిన వాసాలకి పూస్తారు.

ఇన్ని రకాలుగా జాగ్రత్త పడుతున్నా కంపెనీల తెంపరితనం తగ్గలేదు. పుస్తకం ఎవరూ చదవడం లేదని గ్రహించి, కొన్ని కార్లలో ఆయిల్ పోసే మూత మీదే గ్రేడు అచ్చేశారు. బానెట్ ఎత్తితే చాలు, కళ్ళ ముందే. దీనికి విరుగుడు మా వీధి మెకానిక్ దగ్గరుంది. మూత విప్పి బోర్లా పెట్టేస్తాడు. ఆ తర్వాత మూడున్నర లీటర్ల డబ్బా ఎత్తుతాడు. ఇంజిన్‌కి పట్టేది మూడు లీటర్ల లోపే, ఎక్కువైతే అడుగున గిర్రున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుందని ఎవరైనా గొణిగితే, చివరి చుక్క దాకా వంచుతూ ఎంతో ఆప్యాయంగా అంటాడు:

"డబ్బులిచ్చి కొన్నారు కదా సార్, మిగిలింది ఇంటికి పట్టుకెళ్ళి ఏం చేసుకుంటారు? ఉండనివ్వండి లోపల."