అష్టాచెమ్మాకి కోడ్ రాస్తే అమ్మమ్మ పట్టుకున్న తప్పు

కోడింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు చేయి తిరగడానికి మొదట ఏ గేమ్ చేయాలి? పాఠాలన్నీ టిక్ టాక్ టో, పాము ఆట అంటాయి. నేనైతే ఇంట్లో అరుగు మీద ఆడిన ఆటే చేయమంటాను. సెంటిమెంట్‌తో కాదు. టిక్ టాక్ టో కోడ్ ఎక్కడ వెతికినా దొరుకుతుంది, ఇరుక్కున్నప్పుడల్లా మనసు కాపీ మీదికి పోతుంది. ఇంటి ఆటకైతే నియమాలు కూడా మనమే తేల్చుకోవాలి.

నేను అష్టాచెమ్మా పట్టుకున్నాను. కోనసీమలో కాలువలు కట్టేసే ఎండాకాలం, మధ్యాహ్నాలు మా అమ్మమ్మ సుద్దముక్కతో 25 గడులు గీసి, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు ముందు పెట్టేది. బోర్డు కోడ్ తేలిగ్గానే అయింది. బయట 16 గడులు, లోపల 8, మధ్యలో పండే గడి. నలుగురికీ నాలుగు దారులు రాయక్కర్లేదు, ఒకటి రాసి తిప్పుకుంటే చాలు.

బోల్తా పడింది పిక్కల దగ్గర. పడేవి 1, 2, 3, 4 (చెమ్మా), 8 (అష్టా) కదా అని ఆ ఐదింట్లో ఏదో ఒకటి తీయమని రాశాను. అమ్మమ్మ ఫోన్‌లో నాలుగు పందేలు వేసి, "ఇదేంట్రా, అష్టాలు ఇలా రాలతాయా?" అంది.

ఆవిడ చెప్పిందే నిజం. పిక్క తెలుపో నలుపో సమానంగా పడుతుందనుకుంటే నాలుగు పిక్కలు 16 రకాలుగా పడొచ్చు. అందులో 2 పడేది 6 సార్లు, 1, 3 పడేవి చెరో 4 సార్లు, చెమ్మా ఒక్కసారి, అష్టా ఒక్కసారి. చెమ్మా, అష్టా పడితేనే మళ్లీ వేయాలి, అంటే ఆ అవకాశం 8 పందేలకి ఒకసారి. నా కోడ్‌లో 5కి రెండుసార్లు! సగటు పందెం 2.5 ఉండాల్సింది 3.6 అయింది. ఊరించి ఊరించి పడాల్సిన అష్టాకి విలువే పోయింది. నాలుగు పిక్కలనీ విడివిడిగా వేయించి తెల్లవి లెక్కపెట్టిస్తే (ఒక్కటీ తెలుపు లేకపోతే అష్టా) సరిపోయింది. అసలు పిక్కలు అంత సమానంగా అరగవనుకోండి, అది వేరే సంగతి.

గ్రాఫిక్స్ గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. ఇంటూ మార్కు గడులు కనిపిస్తే చాలు, ఒకే ఫోన్ చేతులు మారుతూ ఆడుకోవచ్చు. ఇంటర్నెట్‌లో ఆడేలా చేయమని స్నేహితులు అంటున్నారు. నేనింకా చంపుడు దగ్గరే ఉన్నాను. ఒక కాయనైనా చంపనిదే లోపలికి పోనివ్వకూడదని అమ్మమ్మ, అలాంటిదేం లేదని పాలకొల్లు పిన్ని.