ఇంజిన్ వేడిగా ఉందని అనుమానించకండి

సెకండ్ హ్యాండ్ లారీలు అమ్మేవాళ్ల మర్యాద గురించి ఇంతవరకూ ఎవరూ పరిశోధన చేయకపోవడం విచారకరం. నెల్లూరు ఆటోనగర్‌కి తెల్లారి ఆరింటికి వెళ్లండి, కావాలంటే ఐదింటికే వెళ్లండి. మీరు చూడబోయే బండి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంటుంది. "ఇప్పుడే డీజిల్ కొట్టించుకొచ్చామన్నా" అంటాడు బ్రోకర్. డీజిల్ ముల్లు మాత్రం అడుగునే పడుకుని ఉంటుంది.

కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని బిగించి నొక్కే బలం, పోయిన డీజిల్ ఇంజిన్ పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ కాదు. అయ్యాక తెల్లపొగ కక్కుతుంది. అదే వేడెక్కిందంటే బుద్ధిగా ఉంటుంది. ఆ తెల్లపొగ చూసి మన మనసు కష్టపడకూడదని పాపం వాళ్లు నాలుగింటికే లేచి ఇంజిన్ కాచి ఉంచుతారు. ఈ రోజుల్లో సొంత అల్లుడి కోసమైనా ఎవరు లేస్తున్నారు?

కొనేవాడు వెంట మెకానిక్‌ను తెచ్చుకుంటాడు. మెకానిక్‌కీ బ్రోకర్‌కీ ఏళ్ల తరబడి స్నేహం, కానీ ఇద్దరూ కొత్తవాళ్లలాగే చేతులు కలుపుకుంటారు. మెకానిక్ ఇంజిన్ ఆయిల్ మూత తీస్తాడు. గుప్పుగుప్పున పొగ. పిస్టన్ రింగులూ సిలిండర్ లైనర్లూ అరిగిపోయి, పిస్టన్ పైన ఉండాల్సిన గ్యాసు కిందికి జారి ఇటు తన్నుకొస్తోందన్నమాట. బ్యాక్ కంప్రెషన్ అంటారు.

"ఏంది సామీ ఆ పొగ?"

"ఆవిరన్నా. రాత్రి మంచు పడింది గదా."

నెల్లూరులో. ఏప్రిల్‌లో. మెకానిక్ ఒకసారి ఆకాశంలోకి చూసి, మంచు పడిన మాట వాస్తవమేనని తేలుస్తాడు.

సైలెన్సర్‌లోంచి నీలిపొగ వస్తే బండి ఆయిల్ తాగుతోందని అర్థం. "కొత్త ఆయిల్ పోసినామన్నా, రెండు ట్రిప్పులు కొడితే సర్దుకుంటది." కొత్తదే, నిజం. లోపలి చప్పుడు బయటికి వినపడకుండా చిక్కటి రకం చూసి మరీ పోశారు. నల్లపొగ వచ్చిందా, అది పికప్ అంటాడు. ఇక మీటరు. చీమకుర్తి క్వారీలకూ కృష్ణపట్నం పోర్టుకూ మధ్య పన్నెండేళ్లు తిరిగిన బండి లక్ష కిలోమీటర్ల దగ్గర నిలబడి ఉంటుంది. కేబుల్ తెగిందంటారు. కొత్త ఆయిల్ సంగతి పక్కన పెడితే, ఆ పొద్దుట మొత్తం మీద నిజం కాగల మాట అదొక్కటే.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బళ్లు కూడా ఇప్పుడు ఈ సంతకు చేరుతున్నాయి. పొగను శుభ్రం చేయడానికి వాటిలో పోసే ద్రావణంలో యూరియా 32.5 శాతం ఉండాలి. అందులో నీళ్లు కలిపి డబ్బు మిగుల్చుకున్న మహానుభావులున్నారు. సెన్సార్ పట్టేసి బండి పవర్ తగ్గించేస్తుంది. చూపించే రోజు స్కానర్ పెట్టి ఆ హెచ్చరిక లైటు ఆర్పేస్తారు, అంతే. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, కావాలి కాబట్టి ఆ రోజు పక్కబండి టైర్లు వచ్చి, సాయంత్రానికి సొంతింటికి వెళ్లిపోతాయి.

కొన్నాయన ముందు ఇంజిన్ బోరు చేయిస్తాడు. అది ఆగితే కిస్తీ ఆగుతుంది మరి. బ్రేకుల దగ్గరికొచ్చేసరికి డబ్బులుండవు. "ఈ ట్రిప్పు కొట్టి చూద్దాంలే" అంటాడు. ఎవరు చూడాలి? ఆయన ఇంట్లో ఉంటాడు. గాలి ఒత్తిడి నిలవని ఎయిర్ బ్రేకులతో గ్రానైట్ బ్లాకు మోసుకెళ్లేది జీతానికి వచ్చిన డ్రైవర్. అర్ధరాత్రి టంగుటూరు దగ్గర బండి చస్తే, హైవే అంచున నాలుగు రాళ్లూ ఒక వేపకొమ్మా పెట్టి, సెల్‌ఫోన్ లైటు పళ్లతో కరుచుకుని కిందికి దూరేది క్లీనర్ కుర్రాడు. వెనక నూరు మీద వచ్చే బస్సుకు ఆ వేపకొమ్మ కనపడాలి! రిఫ్లెక్టర్ త్రికోణం ఒకటి కొనివ్వడానికి చేతులు రాలేదా మీకు, ఓనరుగారూ? క్యాబిన్‌కి రంగులేయించడానికి వచ్చాయే, బంపర్‌కి నిమ్మకాయలు కట్టడానికి వచ్చాయే! ఆ పిల్లవాడికి ఏదన్నా అయితే "డ్రైవర్ తాగుంటాడు" అని అందరికంటే ముందు అనేది కూడా మీరే.

ఆర్సీలో పేరు మార్పు ఎప్పుడని అడిగితే, ఫైనాన్స్ తీరాక చూద్దామంటారు. రాష్ట్రంలోపలే అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని చట్టం. అమ్మినాయన మాత్రం పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30లను ఖాళీగానే ఉంచి వాటి మీద సంతకాలు పెట్టి బ్రోకర్ చేతిలో పెట్టేశాడు. ప్రమాదం జరిగితే పరిహారం విషయంలో ఆర్సీలో పేరున్నవాడే ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బీమా గడువు కూడా ముగిసి ఉంటే మొత్తం అమ్మినాయన నెత్తినే. ఆ సమన్లు చేరేదాకా ఆయన కందుకూరులోనో కావలిలోనో, పీడ వదిలిందనుకుని హాయిగా నిద్రపోతుంటాడు.