మూడు పొరల రోడ్డు, మునిగిన గడప

నల్లకుంట, విద్యానగర్, చిక్కడపల్లి, బర్కత్‌పుర. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న ఈ పాత కాలనీల్లో ఏ వీధిలోకి వెళ్లినా వీధి కంటే కిందికి దిగిపోయిన ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. కట్టిన రోజుల్లో మూడు మెట్లెక్కి వరండాలో అడుగుపెట్టేవారు. ఇప్పుడు గేటు తీశాక రెండు మెట్లు దిగాలి. ఇల్లు కుంగలేదు, రోడ్డే పెరిగింది.

ఎంత పెరిగిందో లెక్క వేయడం కష్టం కాదు. ఇంటి పునాది మట్టం చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. కాలనీ వీధిలో పోసే సీసీ (సిమెంటు కాంక్రీటు) పొర మందం సుమారు 15 సెంటీమీటర్లు. కింద ఉన్నదాన్ని తీయకుండా మూడుసార్లు పోస్తే ఆ 45 సెంటీమీటర్లూ హరించుకుపోతాయి. ఆ తర్వాత పడే ప్రతి వానా హాల్లోకే వస్తుంది. ఇంటి యజమాని గడప దగ్గర సిమెంటు కట్ట కట్టుకుంటాడు, పక్కింటాయన ర్యాంపు ఎత్తు పెంచుకుంటాడు. ఆ నీళ్లు మూడో ఇంటికి వెళతాయి.

పాత వీధిని తిరిగి కట్టడమంటే కొత్త పొర పోయడం కాదన్నది ఈ వ్యాసం వాదన. వీధిని ఒకే నిర్మాణంగా చూడాలి. అడుగున ఉన్న డ్రైనేజీ పైపు నుంచి పైనున్న చెట్టు పాదు దాకా అన్నిటికీ ఒకే నక్షా, ఒకే ఎస్టిమేటు, ఒకే కాంట్రాక్టు ఉండాలి. ఇప్పుడు జరుగుతున్నది అందుకు పూర్తిగా వ్యతిరేకం. రోడ్డు జీహెచ్‌ఎంసీది, తాగునీటి పైపూ మురుగు పైపూ జలమండలివి, స్తంభాలు విద్యుత్ సంస్థవి, కేబుళ్లు ప్రైవేటు కంపెనీలవి. ఎవరి టెండరు వారిది, ఎవరి తేదీలు వారివి. మార్చిలో పోసిన రోడ్డును జూన్‌లో పైపు కోసం కోయాల్సి రావడానికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. రెండు ఫైళ్లు ఒకే బల్ల మీదికి రాకపోతే చాలు.

ప్రధాన రహదారుల విషయంలో నగరం కొంత నేర్చుకుంది. సీఆర్‌ఎంపీ (సమగ్ర రోడ్డు నిర్వహణ కార్యక్రమం) పేరుతో 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్ల నిర్వహణ బాధ్యతతో సహా ఏజెన్సీలకు అప్పగించారు. రోడ్డు పాడైతే బాగుచేయాల్సింది వేసినవాళ్లే కాబట్టి జాగ్రత్త పెరుగుతుంది. కాలనీ వీధులకు అలాంటి ఏర్పాటు లేదు. వాటికి నిధులు ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఈ ఏడాది వంద మీటర్లు, వచ్చే ఏడాది ఇంకో డెబ్భై. ముక్కకూ ముక్కకూ మట్టం కలవదు. కలవని చోట నీరు నిలుస్తుంది.

మొదట పాత పొరలు తీయాలి. మాటల్లో ఇది తేలికే. రెండు వందల మీటర్ల పొడవు, ఐదున్నర మీటర్ల వెడల్పు ఉన్న వీధిలో 45 సెంటీమీటర్ల కాంక్రీటు అంటే దాదాపు 495 ఘనపు మీటర్లు, బరువు 1,190 టన్నుల వరకు. పది టన్నుల టిప్పర్లతో సుమారు 120 ట్రిప్పులు. ఆ ఖర్చు ఎస్టిమేటులో లేకపోతే కాంట్రాక్టర్ తీయడు, తీయమని అడిగే హక్కూ ఎవరికీ ఉండదు. పాత పొర గీకకుండా కొత్తది వేయొద్దని తమిళనాడు ప్రభుత్వం 2021లో ఆదేశించింది. అది తారు రోడ్డుకు సరిపోయే పద్ధతి, గీకే మిషన్ మందమైన సీసీ పొరను తీయడానికి అంత అనువు కాదు. కాంక్రీటును రంపపు మిషన్‌తో మీటరు చదరపు పలకలుగా కోసి లేపడమే మేలు. వీధి పొడవునా కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ వేస్తే ఆ అదురుకు రాయి, సున్నంతో కట్టిన పాత ప్రహరీలు బీటలు వారతాయి, కింద లోతు తక్కువగా ఉన్న నీటి పైపుల అతుకులు ఊడతాయి. లేపిన పలకలను నాలా ఒడ్డున కాక జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లోని నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లకు చేర్చాలి, తూకం రసీదు చూశాకే బిల్లు కట్టాలి.

పొర లేచాక వీధి అసలు రూపం బయటపడుతుంది. అసలు పనంతా అక్కడే ఉంది.

మూసీకి 1908లో వచ్చిన వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ నగరానికి భూగర్భ డ్రైనేజీ పథకం రూపొందించారు. ఆ తర్వాత దశలవారీగా విస్తరించిన లైన్లలో ఒక ఇంటికి ఒక కుటుంబం అన్న లెక్కతో వేసినవి చాలా ఉన్నాయి. అదే స్థలంలో ఇప్పుడు పది ఫ్లాట్లు, నలభై మంది. పైపు మాత్రం పాతదే. సిమెంటు అతుకులున్న పింగాణీ రకం పైపుల్లోకి వేప, రావి వేళ్లు దూరి గుత్తులుగా పెరుగుతాయి. ఒత్తిడితో నీళ్లు చిమ్మే జెట్టింగ్ మిషన్ వాటిని ఆ పూటకు కోస్తుంది, ఏడాది తిరగకముందే మళ్లీ అదే మ్యాన్‌హోల్ పొంగుతుంది.

దీన్ని మార్చేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యం వాటం, అంటే పైపు వాలు. 200 మిల్లీమీటర్ల పైపులో మురుగు సెకనుకు 0.6 మీటర్ల వేగంతోనైనా పారాలి. అంతకంటే తగ్గితే ఇసుక, కొవ్వు అడుగున పేరుకుంటాయి. ఆ వేగానికి 250 మీటర్లకు ఒక మీటరు వాటం ఇస్తే భద్రం. అంటే 30 మీటర్ల దూరంలో ఉన్న రెండు మ్యాన్‌హోళ్ల మధ్య 12 సెంటీమీటర్లు. ఇంత చిన్న తేడాను కంటి అంచనాతో పట్టడం ఎంత అనుభవమున్న మేస్త్రీకైనా సాధ్యం కాదు. ప్రతి పైపు ముక్క దగ్గరా లెవెల్ మిషన్‌తో అడుగు మట్టం చూసి రాసుకోవాలి.

హైదరాబాద్‌లో దీనికి తోడు బండ ఒకటి. మీటరు తవ్వగానే చాలాచోట్ల గ్రానైట్ పలక తగులుతుంది. మట్టి తవ్వకం రేటు వేరు, బండ కొట్టే రేటు వేరు. ఎస్టిమేటులో బండ పరిమాణం తక్కువ చూపించి ఉంటే, ఆ చోట పైపును బండ మీదుగా ఎత్తి వేసుకుపోతారు. కాగితం మీద వాటం ఉంటుంది, నేలలో ఎదురు వాటం ఉంటుంది. ఆరు నెలల తర్వాత సరిగ్గా ఆ మ్యాన్‌హోల్ పొంగినప్పుడు ఇళ్లవాళ్లు చెత్త వేశారని నింద పడుతుంది. టెండరుకు ముందే ప్రతి వంద మీటర్లకు రెండు మూడు చోట్ల పలుగూ పారతో అడ్డంగా గుంత తీసి చూస్తే బండ ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. నక్షాల్లో లేని కేబుళ్లు, గ్యాస్ లైన్లు, ఎప్పుడో వదిలేసిన నల్లా పైపులూ అప్పుడే బయటపడతాయి. ఈ గుంతలకు జేసీబీ వాడకూడదు. వెతకాల్సిన పైపునే అది పగలగొడుతుంది.

తాగునీటి పైపు మురుగు పైపుకు మూడు మీటర్ల దూరంలో ఉండాలన్నది నియమం. పాతిక ముప్పై అడుగుల వీధిలో అది చాలాచోట్ల కుదరదు. కుదరనప్పుడు తాగునీటి పైపు అడుగుభాగం మురుగు పైపు పైభాగానికి కనీసం అర మీటరు ఎత్తులో ఉండాలి. ఈ అర మీటరు విషయంలో రాజీ పడకూడదు. మన నల్లాల్లో నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగాక పైపు ఖాళీ అయి లోపలికి పీల్చుకుంటుంది. తుప్పు పట్టి చిల్లుపడిన ఇనుప పైపు చుట్టూ మురుగు తడి ఉంటే అదే లోపలికి పోతుంది, మర్నాడు అదే బిందెలోకి వస్తుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీటికి పలువురు ప్రాణాలు కోల్పోయారు. వీధి తవ్విన ప్రతిసారీ ఆ పేరు గుర్తుకు రావాలి. అందుకే మెయిన్ పైపు మార్చి ఊరుకోకుండా ఇంటి మీటరు దాకా వెళ్లే పాత ఇనుప పైపులన్నీ తీసి నీలం రంగు ఎండీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) పైపులు వేయాలి. పాత కనెక్షన్లను మెయిన్ దగ్గరే మూసేయాలి. వదిలేస్తే కొత్త కాంక్రీటు కింద అవి కారుతూనే ఉంటాయి.

ఇక వాన నీరు. వంద చదరపు మీటర్ల డాబా మీద గంటలో ఐదు సెంటీమీటర్ల వాన కురిస్తే 5,000 లీటర్లు దిగుతాయి. ఐదుగురున్న ఇంట్లో మనిషికి 135 లీటర్ల వాడకం, అందులో ఎనభై శాతం మురుగు అనుకుంటే రోజుకు 540 లీటర్లు. డాబా గొట్టాన్ని డ్రైనేజీకి కలిపిన ఇల్లు తొమ్మిది రోజుల మురుగుకు సమానమైన నీటిని గంటలో అదే పైపులోకి వదులుతోందన్నమాట. వానాకాలంలో మ్యాన్‌హోల్ మూతలు లేవడానికి ఇదో పెద్ద కారణం. వీధి తిరిగి కట్టేటప్పుడు ప్రతి ఇంటి డాబా గొట్టాన్నీ విడదీసి ఇంకుడు గుంతకో వరద కాలువకో మళ్లించకపోతే, ఎంత పెద్ద పైపు వేసినా ఆగస్టులో అదే దృశ్యం. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన నమోదైంది. అంత వానను ఏ కాలనీ కాలువా మోయలేదు. కానీ ఏటా పడే ఐదారు సెంటీమీటర్ల వానకు ఇళ్లు మునగకుండా చూడడం మన చేతిలో పనే.

మట్టాల లెక్క నాలా దగ్గర మొదలుపెట్టి వీధిలోకి ఎక్కుతూ రావాలి. నల్లకుంట పరిసర వీధుల నీరు చివరికి హుస్సేన్‌సాగర్ మిగులు నాలాలోకే చేరాలి. నాలా నిండుగా పారేటప్పుడు దాని నీటి మట్టం కంటే మన కాలువ మూతి కిందుంటే నీరు వెనక్కి తంతుంది. ఆ మట్టం, ప్రతి ఇంటి గడప మట్టం, ప్రతి మ్యాన్‌హోల్ అడుగు మట్టం ఒకే కాగితం మీద ఉంటేనే రోడ్డు ఎంత దించాలో తేలుతుంది. ఈ సర్వే వానలో చేయడం మంచిది. నీరు ఎక్కడ నిలుస్తుందో ఏ పరికరం కంటే వానే బాగా చూపిస్తుంది.

అలా చూస్తే పనుల క్యాలెండర్ కూడా మారాలి. ఆర్థిక సంవత్సరం ముగింపు హడావుడిలో మార్చిలో పని ఇస్తే, మే ఎండల్లో కాంక్రీటు పోస్తారు. గోనె సంచులు తడపడానికి నీళ్లుండవు. జూన్‌లో మట్టి నింపిన గుంతలు కుంగుతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా సర్వే, నవంబరుకల్లా టెండరు, డిసెంబరు జనవరిల్లో తవ్వకం, ఫిబ్రవరిలో కాంక్రీటు అయితే ఈ మూడు తిప్పలూ తప్పుతాయి.

తవ్విన గుంతను పూడ్చడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ రోడ్లు చెడేది ఎక్కువగా అక్కడే. జేసీబీతో మట్టంతా ఒకేసారి నెట్టి, నీళ్లు కొట్టి, పైన సీసీ పోసేస్తారు. మొదటి వానకు మట్టి దిగుతుంది, పలక కింద ఖాళీ ఏర్పడుతుంది, నీళ్ల ట్యాంకర్ ఎక్కగానే విరుగుతుంది. ఇరవై సెంటీమీటర్లకు ఒక పొర చొప్పున మొరం వేసి, ప్రతి పొరనూ మిషన్‌తో దిమ్మిస చేయాలి. తర్వాత కంకర పరుపు, దాని మీద కాంక్రీటు. పోసిన మర్నాటిలోపే, ఎండ ఎక్కువైతే ఇంకా ముందే, నాలుగేసి మీటర్లకు మందంలో మూడో వంతు లోతున కోతలు పెట్టాలి. ఆలస్యమైతే కాంక్రీటు తనకిష్టమైన చోట తానే చీలుతుంది. మ్యాన్‌హోల్ చుట్టూ విడిగా చదరపు పలక పోయకపోతే మూత మూలల నుంచే బీటలు మొదలవుతాయి. పద్నాలుగు రోజులు తడి ఆరకూడదు.

ముప్పై అడుగుల వీధికి ఐదున్నర మీటర్ల దారి, ఒకవైపు 1.8 మీటర్ల ఫుట్‌పాత్, రెండోవైపు 1.7 మీటర్ల పట్టీ చాలు. ఆ పట్టీలోనే చెట్లు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్. రెండు వైపులా చెరో మీటరు ఫుట్‌పాత్ వేసి దాని మీదే స్తంభాలు పాతితే నడవడానికి ఏ వైపూ మిగలదు. ఫుట్‌పాత్ కింద కేబుళ్ల కోసం రెండు ఖాళీ గొట్టాలు, నలభై మీటర్లకోసారి రోడ్డుకు అడ్డంగా మరొకటి వేస్తే రేపు వచ్చే ఇంటర్నెట్ కంపెనీ రోడ్డు కోయనక్కర్లేదు. బెంగళూరులో టెండర్‌ష్యూర్ అనే పథకం కింద కట్టిన రోడ్లకు చేసింది ఇదే. అవి ప్రధాన రోడ్లే అయినా గొట్టాల పాఠం కాలనీలకూ పనికొస్తుంది. ఇరవై అడుగులు కూడా లేని గల్లీలో ఫుట్‌పాత్ ప్రయత్నమే వద్దు. గల్లీ మొత్తం ఒకే మట్టంలో, నీరు నడిమధ్య పారేలా, 80 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులతో కట్టడమే నయం. రిపేరుకు విప్పి మళ్లీ పేర్చుకోవచ్చు. అంచుకు గట్టి కాంక్రీటు కట్ట లేకపోతే మాత్రం కింద ఇసుక కొట్టుకుపోయి రెండేళ్లలో అలలు తేలుతుంది.

ఇన్ని పనులతో ఖర్చు ఎక్కువవుతుంది, అదే డబ్బుతో తక్కువ వీధులే అవుతాయి అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే అన్ని వీధులకూ ఇది అక్కర్లేదు. పైపులు బాగుండి, గడపలు ఇంకా ఎత్తులోనే ఉన్న వీధికి బీటలు పూడ్చి వదిలేయొచ్చు. ఏ వీధి ముందో నిర్ణయించడానికి కొత్త అధ్యయనాలు అక్కర్లేదు. మురుగు పొంగిందని, నల్లాలో వాసన వస్తోందని ఇచ్చిన ఫిర్యాదులు జలమండలి దగ్గర క్యాన్ (వినియోగదారు ఖాతా) నంబర్ల వారీగా ఉన్నాయి. ఆ జాబితాను గడప మట్టాల జాబితాతో కలిపి చూస్తే ముందుగా పట్టుకోవాల్సిన వీధులు వాటంతట అవే పైకి వస్తాయి.

పని జరుగుతున్నన్నాళ్లూ యాభై మీటర్లకు మించి ఒకేసారి తవ్వకూడదు. ప్రతి గేటుకూ చేతిపట్టు ఉన్న చెక్క వంతెన వేయాలి. మంచం పట్టినవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఉన్న ఇళ్లను ముందే రాసుకుని, ఆ గేట్ల ముందు తవ్వే రోజును వాళ్లతో మాట్లాడి పెట్టుకోవాలి. ఆఖరి బిల్లు ఇచ్చేది రోడ్డు పూర్తయిన రోజున కాదు, ఒక వానాకాలం గడిచి, ప్రతి పైపు మట్టంతో సహా ఉన్న తుది నక్షా వార్డు కార్యాలయానికి చేరాక. వీధి రెండు చివర్లా, గోడకో స్తంభానికో, తుది రోడ్డు మట్టం చెక్కిన రాతి గుర్తు ఒకటి బిగించాలి. పదేళ్ల తర్వాత మళ్లీ మిక్సర్ లారీ వచ్చినప్పుడు ఆ గీత దాటి పోయొద్దని వేలు పెట్టి చూపించడానికి.