గవర్నర్‌పేటలో చిప్పు వేట

మా మేనల్లుడు న్యూజెర్సీ నుంచి వచ్చినప్పుడు తను వాడేసి పక్కన పడేసిన స్టీమ్ డెక్ నాకిచ్చి వెళ్లాడు. 2022లో వచ్చిన మొదటి మోడల్. పేరుకి చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషనే గానీ లోపల ఉన్నది అచ్చం కంప్యూటరే. ఎమ్యులేటర్లని, వేరే మిషన్‌లా నటించే ప్రోగ్రాములుంటాయి, అవి వేసుకుంటే పాత ప్లేస్టేషన్ ఆటలు కూడా ఆడుకోవచ్చు. పీఎస్2 ఆటలు బ్రహ్మాండంగా నడిచాయి. పీఎస్3లో కార్ల రేసు మాత్రం సొరంగం దాటి మలుపు తిరిగే చోట ఆగి ఆగి నడిచేది, ఇంజిన్ చప్పుడు నత్తినత్తిగా వచ్చేది. మేనల్లుడికి చెప్తే వాయిస్ మెసేజ్ పెట్టాడు. "16 జీబీ ర్యామ్ ఏం సరిపోద్ది మావయ్యా, 32 చేయించెయ్. యూట్యూబ్‌లో అందరూ చేసేసుకుంటున్నారు."

ఆ అందరూ ఇంట్లో మైక్రోస్కోపు, సోల్డర్ కరిగించే హాట్ ఎయిర్ మిషను ఉన్నవాళ్లు. ఆ ముక్క మెసేజ్‌లో లేదు. మామూలు కంప్యూటర్‌లో లాగా ఒక ర్యామ్ స్టిక్ పీకి ఇంకోటి గుచ్చే పని కాదిది. ఎల్‌పీడీడీఆర్5 అనే ఈ ర్యామ్ చిప్పులు లోపలి సర్క్యూట్ బోర్డుకే అతికి ఉంటాయి. వాటికి బయటికి కనబడే కాళ్లుండవు, పొట్ట కింద కంటికి ఆనీ ఆనని సోల్డర్ గుండ్లు వందల కొద్దీ ఉంటాయి. అన్నీ ఒకేసారి కరగాలి, అన్నీ ఒకేసారి అతకాలి. చిప్పులు ఎలా తెప్పించానన్నది వేరే కథ, అందులో ఇంకో పెద్దమనిషిని తిట్టాల్సి వస్తుంది కాబట్టి వదిలేస్తున్నాను.

గవర్నర్‌పేటలో ఒక సందులో ఫోన్లు బాగుచేసే కుర్రాడున్నాడు. ఏమడిగినా "అయిపోద్ది సార్" అంటాడు. ఎంతవుతుందంటే "అయిపోద్ది సార్". ఇంతకుముందు ఎప్పుడైనా చేశావా అంటే కూడా "అయిపోద్ది సార్". నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఆదివారం మధ్యాహ్నం అయితే తెలిసిన మొహాలు తగలవు కదా అని అప్పుడే వస్తానన్నాను.

పాత చిప్పులు లేపేటప్పుడు నన్ను మైక్రోస్కోపులో చూడనిచ్చాడు. చుట్టూ పసుపురంగు టేపు వేశాడు, సోల్డర్ బాగా అతకడానికి పూసే ఫ్లక్స్ జిగురు పొగ లేచింది. సోల్డర్ కరిగిందో లేదో చూడ్డానికి ట్వీజర్స్‌తో చిప్పుని చిన్నగా తోశాడు. అది ఓ వెంట్రుకవాసి పక్కకి జరిగి, తోసిన చెయ్యి తియ్యగానే తనంతట తానే మళ్లీ తన చోటికి వచ్చి కూర్చుంది. తలతన్యత! ఏళ్ల తరబడి బోర్డు మీద వానచుక్క బొమ్మ గీసి చెప్తున్న పాఠం, నేను మొదటిసారి కళ్లారా చూసింది గవర్నర్‌పేటలో. ఆ ఆనందంలో "ఇంకోసారి తొయ్యి బాబూ" అన్నాను. అతను నా వైపు అదోలా చూశాడు.

హాట్ ఎయిర్ పెట్టినప్పుడు ఫ్యాన్ వెయ్యకూడదు. బెజవాడ ఉక్కపోతలో ఆ మాట చెప్పడం తేలిక. షాపు నిండా జనం, అందరి చొక్కాలూ ఒంటికి అతుక్కుపోయాయి. స్క్రీన్ గార్డ్ కోసం వచ్చిన ఒక పెద్దాయన "షాపు పెట్టారు గానీ గాలి పెట్టలేదేం బాబూ" అంటూ లేచి స్విచ్ వేశాడు. వేసినవాడు రెగ్యులేటర్ ఒకట్లో పెట్టొచ్చుగా. ఐదు.

కొత్త చిప్పులు పరిచిన తెల్లకాగితం లేచింది. కుర్రాడు దాని మీద బోర్లా పడి కాగితాన్నీ చిప్పుల్నీ రెండు చేతులా అదిమిపెట్టాడు. లేచి లెక్కపెట్టాడు. ఒకటి తక్కువ.

"ఎవరూ కదలొద్దు!" అన్నాడు. అప్పటిదాకా అంత స్పష్టమైన మాట అతని నోట వినలేదు.

పోయింది బొటనవేలి గోరంత నల్లటి ముక్క. షాపు నేల నల్లటి గ్రానైట్. ఆ రంగు ఎంచుకున్నవాడు ఫోన్లు బాగుచేసేవాడు మాత్రం అయి ఉండడు. చీపురు వద్దన్నాడు, స్టాటిక్ వస్తే చిప్పు చచ్చిపోతుందట. కాబట్టి పెయింట్ బ్రష్‌తో ఊడవాలి. ఊడవాలంటే నేల ఖాళీ కావాలి. ఆడవాళ్లని కౌంటర్ అవతలికి పంపాడు, పెద్దాయన్ని కుర్చీలోనే కాళ్లు పైకి పెట్టుకోమన్నాడు. నన్ను చెప్పులు విప్పించి, అడుగులు తిప్పి చూసి, ప్యాంటు మడతలో పడిందేమోనని మోకాళ్ల దాకా పైకి మడిపించి, స్టూలెక్కి నిలబడమన్నాడు. డబ్బులిచ్చేవాణ్ణి నేను. స్టూలెక్కింది కూడా నేనే. ఫ్యాన్ వేసిన పెద్దాయన కుర్చీలో బాసింపట్టు వేసుకుని నా పిక్కల వైపు తీరిగ్గా చూస్తున్నాడు.

బ్రష్ కింద చాలానే దొరికాయి. స్క్రూలు, రెండు సిమ్ ట్రేలు, ఒక చెవిదుద్దు శీల, ఒక 64 జీబీ మెమరీ కార్డు. కార్డు బయటపడగానే వెనక నిలబడ్డ ఒకాయన "అది నాది!" అని అరిచాడు. సంక్రాంతికి ముందు ఇదే షాపులో పోయిందట, అప్పుడు వీళ్లు అసలు ఫోన్‌లో కార్డే లేదన్నారట, అందులో తన కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలున్నాయట. చిప్పు వేట ఆగిపోయి కార్డు పంచాయితీ మొదలైంది. కుర్రాడు గోడ మీద బోర్డు చూపించాడు: "రిపేరులో ఫోన్ డెడ్ అయినా, డేటా పోయినా, వస్తువు పోయినా మాకు సంబంధం లేదు." చెయ్యి చాచి, వేలు పెట్టి, ఒక్కో పదం కింద గీత గీస్తున్నట్టు చదివాడు. ఆయన ఊరుకోలేదు. కుర్రాడు మళ్లీ చదివాడు. స్టూలు మీంచి నేను కూడా చదివాను. "వస్తువు" అన్నదాంట్లో నా చిప్పు కూడా వస్తుందని అప్పుడు తట్టింది.

"సార్! మీరేంటి సార్ ఇక్కడ?"

టేబుల్ కింద నుంచి వచ్చింది గొంతు. చేతిలో ఫోన్ టార్చి వెలుగుతోంది. ఎంపీసీ సెకండియర్, చివరి బెంచీ, గోడ పక్క. వాళ్లమ్మ ఫోన్‌కి డిస్‌ప్లే వేయించడానికి వచ్చాడట. వాడి ఫోన్ శుక్రవారం నుంచి ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంది. లాక్కున్నది నేనే. లాక్కున్నాక గేముల పిచ్చి వల్ల ఒక తరం తరమంతా ఎలా నాశనమైపోతోందో బెల్ కొట్టేదాకా చెప్పింది కూడా నేనే.

"మా అబ్బాయిది" అన్నాను, పిక్కలు కనబడుతుండగా వీలైనంత గంభీరంగా.

"లేద్సార్, మీరే కదా ఆడేది" అన్నాడు కుర్రాడు, అడక్కుండానే. "మొన్నొచ్చినప్పుడు ఆ మలుపు దగ్గర ఎలా ఆగిపోతుందో ఆడి చూపించారు కూడా."

అడిగిన దేనికీ సూటిగా జవాబు చెప్పని మనిషి ఆ ఒక్కటీ ఎంత సూటిగా చెప్పాడో!

నా శిష్యుడు ఏమీ అనలేదు. మళ్లీ టేబుల్ కిందికి దూరాడు. బయటికొచ్చి నిలబడి, బోర్డు వైపు ఇంకా చాచి ఉన్న కుర్రాడి చెయ్యి మీదికి టార్చి కొట్టాడు. "అన్నా, కొంచెం పైకెత్తు." మోచేతి కింద, చెమటకీ ఫ్లక్స్ జిగురుకీ అతుక్కుని నా చిప్పు. ఫ్యాన్ గాలికి ఎక్కడికీ ఎగరలేదు. కుర్రాడు బోర్లా పడ్డప్పుడు అంటుకున్నట్టుంది. అంటే వస్తువు పోతే సంబంధం లేదన్న బోర్డుని రెండుసార్లు చదివింది ఆ వస్తువున్న చేత్తోనే.

"అయిపోద్ది సార్" అన్నాడు.

అయింది. ఆల్కహాల్‌తో తుడిచి చిప్పులు అతికించాడు, చీకటి పడేలోపు, మిషను ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం బయోస్‌కి కూడా కొత్త లెక్క చెప్పాడు. స్క్రీన్ మీద 32 జీబీ అని కనబడగానే షాపులో మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూడా కొట్టాడు. రేసు పెట్టాను. సొరంగం దాటింది. మలుపు వచ్చింది. సరిగ్గా అదే చోట, అదే నత్తి.

నా శిష్యుడు భుజం మీంచి చూస్తున్నాడు. "సార్, పీఎస్3లో ఉండే మెమరీయే మొత్తం 512 ఎంబీ కదా. మామూలుది 256, గ్రాఫిక్స్‌ది 256. మీకు ముందే 16 జీబీ ఉంది. ర్యామ్ ఎందుకు సార్?"

నేను మాట్లాడలేదు.

"దాని ప్రాసెసర్ సెల్ అని వేరే రకం సార్. మెయిన్ కోర్ కాక గేములకి ఇంకో ఆరు చిన్న కోర్లిస్తది. అవి చేసేదంతా డెక్ అప్పటికప్పుడు తన భాషలోకి మార్చుకోవాలి. దీనికున్నవి నాలుగు కోర్లు, అదీ 15 వాట్లు గ్రాఫిక్స్‌తో పంచుకుని. ఢిల్లీ లీడర్ మీటింగుకొచ్చి హిందీలో దంచేస్తుంటే పక్కన తెలుగులో చెప్పేవాడు వెనకబడిపోతాడు కదా సార్? ఆయనకి లావుపాటి నోట్‌బుక్ ఇస్తే స్పీడ్ పెరగదు కదా!"

ఇంత బాగా చెప్పగలిగినవాడు యూనిట్ టెస్టులో గతిశక్తికి నిర్వచనం రాయలేదు.

"పోనీ బయోస్‌లో, మెమరీలో గ్రాఫిక్స్ వాటా 1 జీబీ నుంచి 4 జీబీకి మార్చి చూశారా సార్? అది ఫ్రీయే."

"అవన్నీ అయ్యాయి" అన్నాను, అవన్నీ ఏమిటో తెలియకుండానే. మేనల్లుడికి మెసేజ్ పెట్టాను. వాళ్లకి పొద్దున్నేమో, వెంటనే జవాబొచ్చింది: "ఓహ్, అయితే సీపీయూ అయ్యుంటది మావయ్యా." పక్కన నవ్వు మొహం.

బిల్లు కట్టాను. కుర్రాడు చిల్లర లేదన్నాడు, బదులుగా ఒక టెంపర్డ్ గ్లాస్ చేతిలో పెట్టాడు. అది నా ఫోన్‌ది కాదు. మెట్లు దిగుతుంటే శిష్యుడు వెనకే వచ్చాడు.

"సార్, రేపు స్లిప్ టెస్ట్ ఉందా సార్?" అన్నాడు, ఇంకా దించుకోని నా ప్యాంటు మడతల వైపు చూస్తూ.

"లేదు" అన్నాను.