బావమరిది రాని కాశీయాత్ర

తెలుగు మగవాడికి జన్మలో ఒకే ఒక్కసారి, అదీ పెళ్లిపందిట్లో, ఒంటరి ప్రయాణానికి అనుమతి దొరుకుతుంది. చేతిలో గొడుగు, కర్ర, కాళ్లకు పాంకోళ్లు. కాశీకి బయల్దేరతాడు. పందిరి గుంజ దాటకముందే బావమరిది బెల్లంముక్కతో అడ్డమొచ్చి, "కాశీకెందుకు బావా, మా చెల్లినిస్తాం, వెనక్కి రా" అంటాడు. యాత్ర రద్దు, రిఫండు లేదు. ఆడవాళ్లకైతే ఆ పదడుగులు కూడా శాస్త్రం మంజూరు చెయ్యలేదు. అరవై దాటి, బావమరిది మోకాళ్లు కూడా అరిగి, అడ్డమొచ్చే ఓపిక ఎవరికీ లేని రోజున ఆ ఆగిపోయిన యాత్ర పూర్తి చేసుకోవచ్చు. అలా ఒంటరిగా బయల్దేరే పెద్దవాళ్లని ఆదరించే ఊళ్లేవి, ఎలా వెళ్లాలి అన్నదే ఇక్కడి సంగతి.

ఇందులో మనకు పూర్వుల ఆదర్శం ఏమీ లేదు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి కదిలితే వెంట వందమంది దాకా కదిలారు. మనవాళ్ల లెక్కలో అదే సరైన సంఖ్య. ఒక్కరే వెళ్తున్నారంటే కోడలు అన్నం పెట్టడం లేదని అర్థం, లేదా డాక్టరు ఏదో చెప్పాడని అర్థం. కాబట్టి ఆదరణ ఉన్న ఊరంటే జనం నవ్వుతూ పలకరించే ఊరని పొరబడొద్దు. నవ్వుతూ పలకరించినవాళ్లు రెండో మాటగా "ఒక్కరేనా?" అని అడిగి తీరతారు. ఆ మాట అడక్కుండా గది తాళం చేతిలో పెట్టే ఊరే మంచి ఊరు.

ఈ పరీక్షలో పుణ్యక్షేత్రాలు మొదటి ప్రశ్నకే తప్పుతాయి. చాలా సత్రాల్లో ఒంటరి మనిషికి గది ఇవ్వరు. తిరుమలలోనూ గదికి సాధారణంగా ఇద్దరుండాలి. ఒక్కరైతే యాత్రికుల వసతి సముదాయంలో లాకరు తీసుకోవచ్చు. సామానుకి గూడు, మనిషికి హాలు. ఎప్పుడో ఎవరో ఒంటరిగా వచ్చి, గది తీసుకుని, తలుపు మళ్లీ తియ్యలేదు. అప్పట్నుంచీ మేనేజరు కళ్లకి ఒంటరి యాత్రికుడు భక్తుడుగా కనపడడు, పంచనామాగా కనపడతాడు. మోక్షం దొరుకుతుందని చెప్పే ఊళ్లో, ఎవరైనా నిజంగా అది పట్టుకుపోతారేమోనని ఎంత భయమో చూడండి.

అందుకని టికెట్టు కొనకముందే బసకి ఫోను చెయ్యాలి. యాప్‌లో ఫొటోలు చూసి మురిసిపోకూడదు. ఫొటోలో కమోడ్ ఉంటుంది, మీకిచ్చే గదిలో ఉండకపోవచ్చు. ఒక్కరికి గది ఇస్తారా, కమోడ్ ఉందా, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా, రాత్రి రెండింటికి బెల్లు కొడితే లేచేవాడున్నాడా అని అడగండి. "లిఫ్టు ఉందా?" అని మాత్రం అడగొద్దు. ఉందనే చెబుతారు. వీధి నుంచి లిఫ్టు తలుపు దాకా ఎన్ని మెట్లు అని అడగాలి. మన దేశంలో లిఫ్టు అనేది ఎనిమిది మెట్లెక్కినవాళ్లకి ఇచ్చే బహుమతి. కరెంటు పోతే అది జనరేటరు మీద నడుస్తుందో లేదో కూడా తేల్చుకోండి.

మీరు ఒంటరిగా వెళ్లాలని మనస్ఫూర్తిగా కోరుకునే బంధువు ఈ దేశంలో ఒక్కటే ఉంది: రైల్వే కంప్యూటరు. అరవై దాటిన మగవాళ్లకీ, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకీ కింది బెర్తుల కోటా వేరే ఉంది. ఒక్కరికి, మహా అయితే ఆ అర్హత ఉన్న ఇద్దరికి టికెట్టు తీస్తేనే అది వర్తిస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లతో పాటు మనవణ్ణి కూడా అదే టికెట్టులో చేర్చారో, కోటా పోతుంది, పై బెర్తు రావచ్చు. టికెట్టు తీసేటప్పుడు జనరల్ అని ఉన్నచోట కింది బెర్తు/సీనియర్ సిటిజన్ కోటా ఎంచుకోవాలి; చాలామంది వదిలేసేది ఇక్కడే. పెద్దవాళ్ల రాయితీ, మగవాళ్లకి 40 శాతం, ఆడవాళ్లకి 50 శాతం, 2020 మార్చిలో కరోనాతో పాటు ఆసుపత్రిలో చేరింది. కరోనా డిశ్చార్జి అయింది. కింది బెర్తు దొరికాక రెండో గండం, ఆరుగురు కుటుంబసభ్యుల్లో ఒకాయన వచ్చి "అంకుల్, కొంచెం పైకి మారతారా" అనడం. మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఆపరేషన్ ఎప్పుడు, ఎవరు చేశారు, కుట్లు ఎన్ని అని మొదలుపెట్టండి. ఆయనే మారిపోతాడు.

ఇక ఊళ్లు. మొదటి ర్యాంకు మైసూరుది. కాచిగూడలో సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దున దిగొచ్చు. ఎండ మన ఊళ్లంత చంపదు. చాముండి కొండకి వెయ్యి మెట్లున్నాయి, మెట్లని గౌరవించి బస్సెక్కండి. ఆదివారం రాత్రి ఏడింటికి ప్యాలెస్ దీపాలు వెలిగిస్తారు, మంగళవారం జూకి సెలవు. ప్రయాణం ఈ రెంటినీ చూసి పెట్టుకోవాలి. అన్నిటికన్నా పెద్ద సౌకర్యం, కన్నడ బోర్డు మనవాళ్లు కూడబలుక్కుని చదివెయ్యగలరు. ఎవర్నీ అడగనక్కర్లేదు, అడగకపోతే "ఒక్కరేనా" లేదు.

పుదుచ్చేరి బీచ్ రోడ్డులో సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా బళ్లు తిరగవు. ఇసకలో కాలు దిగబడే బాధ లేదు, అంతా గట్టినేలే. తిరువణ్ణామలైలో తెలుగు బోర్డులు, తెలుగు భోజనం, సగం జనం మనవాళ్లే. సమస్యా అదే, అందులో ఒకరు మీ వియ్యంకుడి తమ్ముడై ఉంటాడు. గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, వట్టికాళ్లతో. పున్నమి రోజు కాకుండా మామూలు రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే తారు వేడెక్కేలోపు అయిపోతుంది. ఆటోలో తిరిగినా శివుడు మీటరు చూడడు.

కాశీకి డిసెంబరు, జనవరిల్లో వద్దు. పొగమంచుకి రైళ్లు గంటలకొద్దీ ఆలస్యం. గోదౌలియా కూడలి దాటాక నడకే, ఘాట్ల మెట్లకి చాలాచోట్ల పట్టుకునే కడ్డీ ఉండదు. అమర్‌నాథ్ అయితే డెబ్భై దాటినవాళ్లకి అనుమతే లేదు. ప్రభుత్వం నడిపే కైలాస మానససరోవర యాత్రకీ అదే వయసు, పైగా ఎత్తుకి తగ్గ బరువు సూచీ (బీఎంఐ) 25 మించకూడదు. బూడిద పూసుకునే దేవుడికి పొట్ట పట్టింపు ఎప్పట్నుంచో తెలీదు.

సంచి ఏడు కిలోలు దాటొద్దు. దాన్ని నడుం ఎత్తుకి మూడుసార్లు ఎత్తి చూడండి. మూడోసారి మూలిగితే ఒక చీరో పంచో తీసెయ్యండి. మందులు ప్రయాణం రోజులకి అయిదు రోజులు కలిపి, స్ట్రిప్పుల్లోనే, రెండు చోట్ల పెట్టుకోవాలి. రైల్లో మరుగుదొడ్డికి భయపడి నీళ్లు మానేసి, ఒంట్లో నీరు లాగేసే నీళ్ల మాత్ర మాత్రం వేసుకునే భక్తులున్నారు. వాళ్లు దిగేటప్పుడు కళ్లు తిరిగి పడతారు. నీళ్ల మాత్ర వేళ ఎలా మార్చుకోవాలో డాక్టర్ని ముందే అడగాలి. విమానమైతే ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి, కింద సామాన్ల గదిలో గడ్డకట్టి పాడైపోవచ్చు. ఫోన్లో 112, రైల్వేకి 139, పెద్దవాళ్ల సాయానికి 14567 దాచుకోండి. అబ్బాయి లొకేషన్ ఆన్ చెయ్యమంటాడు. చెయ్యండి, ఎలాగూ నాలుగో రోజు నుంచి చూడడు.

గొడుగు పొడవుదే కొనండి, కొనకి రబ్బరు బుడిపె ఉన్నది. ఎండకి గొడుగు, మెట్ల దగ్గర కర్ర, పెళ్లినాటి సరంజామాలో రెండు వచ్చేశాయి. మూడోది జేబులో ఉండాలి. షుగరు మాత్ర వేసుకున్నాక దర్శనం క్యూలో భోజనం ఆలస్యమైతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. అప్పుడు మూడు చెంచాల గ్లూకోజు, అది లేకపోతే అంత బెల్లం నోట్లో వేసుకుని పావుగంట కూర్చుని, మళ్లీ షుగరు చూసుకోవాలి. ఈసారి ఆ ముక్క మీరే నోట్లో పెట్టుకుంటారు, కాబట్టి వెనక్కి రానక్కర్లేదు.