"అంతా గ్రాఫిక్సే ఫ్రెండ్స్" అట!

ఇప్పుడే ఒక రీల్ చూసి ఒళ్లు మండిపోయింది. హాలీవుడ్ సినిమా మీద "టెర్మినేటర్ 2 మేకింగ్ సీక్రెట్స్" అని పెద్ద బిల్డప్. తీరా సీక్రెట్ ఏంటయ్యా అంటే, "1991లోనే అంతా కంప్యూటర్‌లో చేసేశారు ఫ్రెండ్స్!" అంతే. లైక్ కొట్టండి, షేర్ చేయండి. కింద కామెంట్లలో జనం దండాలు.

అంతానా? రెండు గంటలు దాటిన సినిమాలో కంప్యూటర్‌తో పుట్టించిన బొమ్మలు పట్టుమని పది నిమిషాలు కూడా ఉండవు. అది చెప్తే వ్యూస్ రావుగా మరి.

అద్దం సీన్ చూడండి. థియేటర్లలో వేసినప్పుడు లేదు, స్పెషల్ ఎడిషన్‌లో కలిపారు. అద్దం ముందు కూర్చున్న రోబో ష్వార్జ్‌నెగ్గర్ తలలోంచి హీరోయిన్ సారా చిప్ తీస్తుంటుంది. అసలక్కడ అద్దమే లేదు! గోడకి కన్నం. ఇటువైపు మనకి వీపు పెట్టి నిలబడ్డది, సారాగా వేసిన లిండా హామిల్టన్‌కి కవల సోదరి లెస్లీ. ఆవిడ చేతుల కింద ఉన్నది మేకప్, బొమ్మల నిపుణుడు స్టాన్ విన్‌స్టన్ మనుషులు చేసిన బొమ్మ తల. కన్నానికి అవతల అసలు లిండా, అసలు ష్వార్జ్‌నెగ్గర్. ఇటు చెయ్యి కదిలితే అటు అదే లెక్కన కదలాలి. లెస్లీ నటి కూడా కాదు, నర్సు! ఏ రూపమైనా ఎత్తే విలన్ తన రూపం ఎత్తడంతో ఆసుపత్రిలో కాఫీ మెషీన్ దగ్గర ఇద్దరైపోయే గార్డు? వాళ్లూ కవలలే. లెన్స్‌కి సగం మాస్క్ వేసి డబుల్ యాక్షన్ తీసిన కెమెరామెన్లను చూసిన తెలుగువాళ్లం, మనమే ఇలా మాట్లాడితే ఎలాగండీ?

ఫ్లైఓవర్ కింద నుంచి దూరిపోయే హెలికాప్టర్ కూడా నిజందే. నడిపింది చక్ టాంబురో. ఆ షాట్ తీయడానికి కెమెరా వాళ్లు మా వల్ల కాదంటే డైరెక్టర్ కామెరూనే కెమెరా పట్టాడు. ఇక ఆసుపత్రి ఊచల్లోంచి ఆ విలన్, కరిగిన లోహంలాంటి వెండి మనిషి, జారుకుంటూ వస్తాడు కదా, ఆ జిగట చప్పుడు డబ్బాలోంచి జారే కుక్కల తిండిది. సౌండ్ డిజైనర్ గ్యారీ రైడ్‌స్ట్రామ్ బుర్ర అది. ఆ సినిమా సౌండ్‌కి ఆస్కార్ ఊరికే వచ్చిందా?

ఈ పేర్లు జనానికి ఎందుకు తెలియవో నాకు తెలుసు. థియేటర్లో ఎండ్ టైటిల్స్ మొదలవ్వగానే లైట్లు వేసేస్తారు, తలుపులు బార్లా తీసేస్తారు, చీపురు పట్టుకుని మన కాళ్ల దగ్గరికే వచ్చేస్తారు. "పేర్లు చూస్తున్నానండీ" అంటే మా ఊరి హాల్లో టార్చి అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, "మీ వాళ్లెవరైనా ఉన్నారా సార్?" అన్నాడు. ఆ కుర్రాణ్ణి అనను, వాడి డ్యూటీ వాడిది. వాడికి ఆ డ్యూటీ వేసిన ఓనర్‌ని అంటాను. ఇంటర్వెల్లో బంగారం కొట్ల యాడ్లు, గుట్కా మానమనే యాడ్లు, రియల్ ఎస్టేట్ ప్లాట్లు, ఒక్కటి వదలకుండా మొత్తం వేస్తారు కదా? అప్పుడు లేని తొందర సినిమా తీసినవాళ్ల పేర్ల దగ్గరే ఎందుకొస్తుందో!